మావాడు తవ్వకాలే చదువుతానంటున్నాడు, ఏం చేయాలి?

గుంటూరు నుంచి ఒక అమ్మగారు రాశారు. కొడుకు ఇంటర్ సెకండియర్ ఎంపీసీ. ప్రాచీన ఈజిప్టు రాజు టుటంకామన్ సమాధి వీడియోలు చూసీ చూసీ ఆర్కియాలజీ (పురావస్తు శాస్త్రం) తప్ప ఇంకేదీ చదవనని కూర్చున్నాడట. వాళ్ల నాన్నేమో "మట్టి తవ్వడానికి చదువెందుకురా, కూలీకి పోతే సరిపోదా" అని కేకలు. రెండు నెలలుగా ఇంట్లో మాటల్లేవట.

అమ్మా, ముందు టెన్షన్ పడకండి, అబ్బాయి అడుగుతున్నది పనికిరాని చదువేం కాదు. కాకపోతే వాడు చూసింది ఆ రాజు మమ్మీకి తొడిగిన బంగారు ముసుగు, ఆ ముసుగు దాకా రావడానికి సమాధిని కనిపెట్టిన హోవర్డ్ కార్టర్ పడిన పాట్లు వేరే.

కార్టర్ 1891లో ఈజిప్టు వెళ్లేటప్పటికి 17 ఏళ్లు, మీవాడి ఈడే. డిగ్రీ లేదు, బొమ్మలు బాగా వేస్తాడని సమాధి గోడల మీది చిత్రాలను కాగితం మీదికి ఎక్కించే పనికి తీసుకెళ్లారు. తర్వాత సర్కారు ఉద్యోగం వచ్చింది, 1905లో అదీ వదిలేసి కొన్నాళ్లు బొమ్మలు అమ్ముకుని బతికాడు. లార్డ్ కార్నార్వన్ డబ్బు పెడితే 1917 నుంచి ఈజిప్టు రాజుల సమాధులున్న రాజుల లోయలో సీజన్ తర్వాత సీజన్ తవ్వాడు, గొప్పగా చెప్పుకోడానికి ఏమీ దొరకలేదు, చివరికి డబ్బు పెట్టినాయనకే విసుగొచ్చి ఇక చాలన్నాడు. ఇంకొక్క సీజన్ అని ఒప్పించుకుని దిగితే 1922 నవంబర్ 4న రాతిలో తొలిచిన మెట్టు ఒకటి కనబడింది, టుటంకామన్ సమాధికి దారి అదే.

వీడియోలు ఇక్కడ ఆగిపోతాయి. పని మాత్రం ఇక్కడే మొదలైంది. లోపల 5,000కు పైగా వస్తువులు, ఒక్కోదానికీ నంబరు వేయాలి, ఫోటో తీయాలి, ఏది దేని పక్కన ఎలా పడి ఉందో గీసుకోవాలి, అప్పటిదాకా కదపకూడదు. పూసలు గుచ్చిన దారాలు చివికిపోయి ముట్టుకుంటే రాలిపోయేలా ఉంటే, కరిగిన మైనం పోసి వరస చెదరకుండా తీశారు. మొత్తం తేలేసరికి పదేళ్లు పట్టింది. ఆ బృందంలో ఆల్‌ఫ్రెడ్ లూకస్ అనే కెమిస్టు ఉన్నాడు, ఫోటోల కోసమే హ్యారీ బర్టన్ ఉన్నాడు. ఈ ముక్క మీ ఆయనకు చదివి వినిపించండి, కూలీ మాట మళ్లీ ఎత్తరు.

ఎంపీసీ వేస్టయిపోతుందనే భయం కూడా వద్దు. 1863లో మద్రాసు పక్కన పల్లావరంలో రాతి గొడ్డలిని గుర్తుపట్టిన రాబర్ట్ బ్రూస్ ఫుట్ జియాలజిస్టు. బ్రాహ్మీ లిపిని చదివిన జేమ్స్ ప్రిన్సెప్ టంకశాల ఉద్యోగి. పాత వస్తువుల వయసు తేల్చే కార్బన్ డేటింగ్‌కి 1960లో నోబెల్ అందుకున్న విల్లార్డ్ లిబ్బీ కెమిస్టు.

ఇప్పుడు చేయాల్సింది. పరీక్షలయ్యాక తండ్రీకొడుకులిద్దరినీ కలిపి నాగార్జునకొండ పంపండి (మీరు వెళ్లకండి, ఇద్దరే వెళ్తే ఎలాగూ మాట్లాడుకోక తప్పదు). సాగర్ డ్యామ్ కడితే లోయ మునిగిపోతుందని 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం గారి ఆధ్వర్యంలో అక్కడ తవ్వారు, నీళ్లు తరుముకొస్తున్నాయన్నట్టు తవ్వారు. రాతియుగం పనిముట్ల దగ్గర్నుంచి ఇక్ష్వాకు రాజుల రాజధాని విజయపురి దాకా ఎన్నో బయటపడ్డాయి, కొన్ని కట్టడాలను కొండ మీదికి చేర్చి మళ్లీ కట్టారు. ఆ కొండే ఇప్పుడు లాంచీలో వెళ్లే దీవి. బంగారు ముసుగు లేకపోయినా అబ్బాయి అక్కడ సగం రోజు నిలబడగలడేమో చూడమనండి.

తిరిగొచ్చాక పగిలిన కుండ పెంకులు పది ఇచ్చి, స్కేలు పెట్టి కొలిచి, అంచు మందం, లోపలి వంపుతో సహా గీయమనండి. వెటకారం కాదమ్మా, కార్టర్‌కి తవ్వకం నేర్పిన ఫ్లిండర్స్ పెట్రీ కుండల ఆకారం మారిన తీరును బట్టే సమాధుల్లో ఏది ముందో ఏది వెనకో తేల్చాడు. మూడో పెంకుకే ఫోన్ అందుకున్నాడంటే మీకు జవాబు దొరికినట్టే.

పది పెంకులూ పూర్తిచేస్తే మాత్రం బీటెక్‌లోకి తోయకండి. జియాలజీ ఉన్న బీఎస్సీ గానీ, హిస్టరీతో బీఏ గానీ చదివించండి, తర్వాత పుణె డెక్కన్ కాలేజీలోనో బరోడాలోనో ఎంఏ, ఆపైన పురావస్తు సర్వే వాళ్లు గ్రేటర్ నోయిడాలో నడిపే రెండేళ్ల పీజీ డిప్లొమా. డబ్బు సంగతి దాచను, పోస్టులు తక్కువ, నోటిఫికేషన్ కోసం ఏళ్లు ఎదురుచూడాల్సి రావచ్చు, పాతికేళ్లు దాటినా ఇంటి నుంచి ఖర్చులకు పంపాల్సి వస్తుందేమో మీ ఆయనతో ఇప్పుడే మాట్లాడుకోండి. పెంకుల బొమ్మలు ఒకటి రెండు ఫోటో తీసి నాకు పంపితే డిగ్రీ సంగతి మళ్లీ చూద్దాం.