చిన్నపిల్లలున్న ఇంట్లో పిట్‌బుల్‌ని పెంచొచ్చా?

ఐదారేళ్లలోపు పిల్లలుంటే వద్దు, అందులోనూ హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో అసలే వద్దు. పిట్‌బుల్స్ అన్నీ కరుస్తాయని కాదు, కానీ 19వ శతాబ్దంలో బ్రిటన్‌లో ఎద్దుల మీదికి ఉసిగొల్పడానికి, కుక్కల పోట్లాట పందేలకి పెంచిన కుక్కల నుంచి వచ్చిన జాతి ఇది, కరిస్తే పట్టు అంత తేలిగ్గా వదలదు, పైగా పిల్లల ఎత్తుకి ఆ కాటు సరిగ్గా ముఖం మీదో మెడ మీదో పడుతుంది. కూకట్‌పల్లిలో ఓ డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ అనుకోండి. కుక్క తింటుంటే ఏడాదిన్నర పాప తప్పటడుగులేసుకుంటూ వెళ్లి గిన్నెలో చెయ్యి పెట్టింది. కుక్క ముందు బిగుసుకుపోతుంది, గుర్రుమంటుంది, అంటే దూరం జరగమని చెప్తోందన్నమాట, పాపకేమో అది ఆటలా ఉంటుంది, అమ్మ చూస్తే వంటింట్లో.

చాలామంది పొరపాటు పడేది ఇక్కడే: కూనప్పటి నుంచి పిల్లలతో కలిపి ముద్దుగా పెంచితే ఏమీ చేయదని. పెంపకం వల్ల ప్రమాదం తగ్గుతుంది, పోదు. (దవడ లాక్ అయిపోతుందనేది కూడా వట్టి మాటే, అలాంటి తాళమేదీ దాని ఎముకల్లో లేదు.) ఇప్పటికే ఇంట్లో ఉంటే మాత్రం మున్సిపల్ కార్పొరేషన్ లైసెన్స్, రేబిస్ టీకా ఎలాగూ తప్పవు, తిండి వేరే గదిలో పెట్టండి, పాపతో ఒంటరిగా నిమిషం కూడా వదలొద్దు.