తాతగారి తుపాకీకి నూరేళ్లు నిండితే లైసెన్సు అక్కరలేదా?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లె. పాత మండువా ఇల్లు విప్పుతుంటే అటక మీద మా తాతయ్య రెండు గొట్టాల తుపాకీ బయటపడింది. కొబ్బరినూనె రాసిన గుడ్డలో చుట్టి ఉంది. గొట్టాల మీద నీటి అలల్లాంటి గీతలు, అడుగున బర్మింగ్‌హామ్ పేరు ఉన్నాయి. తాతయ్య పోయి పన్నెండేళ్లయింది. లైసెన్సు పుస్తకం గడువు ఎప్పుడో తీరింది. పాత తుపాకులు సేకరించే ఒకాయన హైదరాబాదు నుంచి వచ్చి చూసి, మంచి ధర ఇస్తానన్నారు. నూరేళ్లు దాటిన పురావస్తువు కనుక లైసెన్సు గొడవ లేదంటున్నారు. అమ్మవచ్చా?

జవాబు: ఇప్పుడే అమ్మవద్దు. బయానా కూడా తీసుకోవద్దు.

ఆయన చెప్పినదాంట్లో సగం చట్టంలో ఉంది. మిగతా సగం ఆయన మరిచిపోయారో, కావాలనే వదిలేశారో నాకు తెలియదు. 1959 నాటి ఆయుధాల చట్టం 45(సి) సెక్షన్ పాతకాలపు నమూనా ఆయుధాలకు, పురాతన విలువ ఉన్నవాటికి, పాడైపోయినవాటికి మినహాయింపు ఇస్తుంది. కానీ ఒక షరతు ఉంది. మరమ్మతు చేసినా, చేయకపోయినా అది తుపాకీగా పనికిరానిదై ఉండాలి. నూరేళ్ల మాట అందులో ఎక్కడా లేదు. ఆ లెక్క 1972 నాటి పురావస్తువుల చట్టానిది. అది వర్తిస్తే విదేశాలకు పంపకుండా ఇంకో కట్టుబాటు తోడవుతుందే గాని, ఈ లైసెన్సు తప్పదు. పైగా ఆ చట్టం కింద వచ్చిన 2016 ఆయుధాల నిబంధనల షెడ్యూలులో, 45(సి) కిందికి రాని చారిత్రక ఆయుధాలకు ప్రత్యేకంగా ఒక తరగతే ఉంది.

అసలు ఆయన అంత దూరం నుంచి ఎందుకు వచ్చారో చూడండి. ఆ అలల గీతలు డమాస్కస్ గొట్టాల గుర్తు. ఇనుము, ఉక్కు పట్టీలను కలిపి మెలిపెట్టి, కడ్డీ చుట్టూ చుట్టి, ఎర్రగా కాల్చి సుత్తితో అతికితే ఆ నేత వస్తుంది. ఏ రెండు గొట్టాల నేతా అచ్చంగా ఒకటి కాదు. ఇప్పటి కర్మాగారపు తుపాకుల్లో ఆ పనితనం కనిపించదు. సేకరించేవారు గొట్టం అడుగున, దాని గట్టిదనం పరీక్షించి వేసిన పరీక్షాశాల ముద్రలు వెతుకుతారు, భుజానికి ఆనించే మడమ చెక్క మార్చలేదు కదా అని చూస్తారు. ఆ తర్వాత గుర్రాలు, అంటే తూటాను పేల్చే సుత్తులు, వెనక్కి లాగి, అవి పట్టుకునే చప్పుడు చెవి ఒగ్గి వింటారు. అది పనిచేస్తున్నందుకే ధర. పనిచేస్తున్నందుకే లైసెన్సు కూడా.

ఇలాంటి గొట్టాలు నల్ల తుపాకిమందు కాలానివి కనుక నేటి తూటా వేస్తే పగిలిపోవచ్చు. అలాగని పనికిరానిదని వాదించబోకండి. ప్రమాదకరం వేరు, పనికిరానిది వేరు. ఊరి కమ్మరి చేత గొట్టం మూయించడం, కోయించడం లాంటి ఆలోచనలు అసలే వద్దు. అవి మరో నేరాన్ని తెచ్చిపెడతాయి, ధరా పోతుంది.

లైసెన్సు లేకుండా ఉంచుకుంటే, 2019 సవరణ తర్వాత కనీసం రెండేళ్లు, గరిష్ఠంగా అయిదేళ్లు జైలు, జరిమానా. అటక మీద ఉన్నట్టు ఇన్నాళ్లూ మీకు తెలియదు కదా. 1972లో గున్వంత్‌లాల్ కేసులో సుప్రీంకోర్టు, ఆయుధం స్వాధీనంలో ఉందనాలంటే దాని గురించి ఎరుక ఉండాలని చెప్పింది. ఆ మాట మీకు అక్కరకొస్తుంది, కానీ గుడ్డ విప్పిన రోజు దాకానే. నాకు ఉత్తరం రాశాక తెలియదనలేరు.

కనుక ఈ వారంలోనే దగ్గరి పోలీసు స్టేషన్‌కు ఉత్తరం రాయండి. ఇల్లు విప్పుతుంటే దొరికిందని, తాతగారి లైసెన్సు నంబరు ఇదని, అప్పగిస్తామని. స్టేషన్‌లో గాని, లైసెన్సున్న ఆయుధాల దుకాణంలో గాని జమచేసి రశీదు తీసుకోవచ్చు. మోసుకెళ్లే ముందు స్టేషన్‌కు చెప్పండి, వాళ్లే వస్తే మరీ మంచిది.

జమ చేసినంత మాత్రాన ఆస్తి పోదు. అది మీ నాన్నగారిది, మీ మేనత్తలది కూడా. ఉంచుకోవాలంటే 2016 నిబంధనల ప్రకారం వారసుల్లో ఒకరు, మిగతావారి అంగీకారంతో, కలెక్టరుకు దరఖాస్తు పెట్టుకోవాలి. పాత దస్త్రం అప్పటి జిల్లా కేంద్రం కాకినాడలో ఉండవచ్చు, దరఖాస్తు మాత్రం ఇప్పటి జిల్లా కేంద్రం అమలాపురానికే. ఒక మనిషికి రెండు తుపాకులే పరిమితి, వారసత్వంగా వచ్చినదీ ఆ లెక్కలోకే వస్తుంది.

లైసెన్సు వచ్చాక అమ్మదలిస్తే, కొనేవారి పేరు, చిరునామాతో జిల్లా మేజిస్ట్రేటుకో (అంటే కలెక్టరుకే), స్టేషన్‌కో రాసిచ్చి 45 రోజులు ఆగాలి. ముందు ఆ పెద్దమనిషిని తన లైసెన్సు చూపించమనండి. బేరం అక్కడే తేలిపోతుంది.

అటక మీద ఇంకోసారి వెతకండి. తుపాకీ ఉన్నచోట తూటాల డబ్బా కూడా ఉంటుంది. వాటికీ ఇదే చట్టం. ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి, అదే ఉత్తరంలో రాయండి.