పాచి ఉండగా పటలమెందుకు?

ప్రశ్న: ‘లవంగ నూనె బ్యాక్టీరియా సంభాషణా వ్యవస్థను భగ్నపరచి జైవపటల నిర్మాణాన్ని నిరోధించును’ అని ఒక కరపత్రంలో చదివాను. జైవపటలం అంటే ఏమిటి? లవంగ నూనె అనాలా, తైలం అనాలా? – ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: అమ్మా, జైవపటలం అన్నది బయోఫిల్మ్‌కి ఎవరో కూర్చిన మాట. తప్పు కాదు గాని, దానితో పనేముంది? ఆ వస్తువుకి మనింట్లోనే పేరుంది. పాచి.

తడి తగిలే చోట బ్యాక్టీరియా అంటుకుని, చుట్టూ జిగురు అల్లుకుని, అందులో గుంపుగా కాపురం ఉంటే అదే బయోఫిల్మ్. పొద్దున్నే పళ్ళ మీద నాలుకకి తగిలే జిడ్డు అదే. పళ్ళ డాక్టర్లు ప్లాక్ అంటారు, మనం పాచిపళ్ళు, పాచినోరు అంటాం. పచ్చ, పసరు, పసుపు, పాచి ఒక్క కుదురువే. తమిళంలో పాసి అంటే నీటి నాచు. మొదట నీళ్ళలో పెరిగే పచ్చదనానికి పేరు. విజయవాడలో కృష్ణ ఘాట్ల మెట్ల మీద కాలు జారేది ఈ పాచి వల్లే. తర్వాత రంగు పోయి జిగురే అర్థంగా మిగిలింది. అన్నం పాచిపోయింది అన్నప్పుడు అందులో పచ్చదనం ఏముంది? తెల్లవారగానే చేసే అంట్లు, ఊడ్పులు పాచిపని అయ్యాయి. ఇంత సంసారం ఉన్న మాటని మోటని పక్కకు నెట్టి, నోరు తిరగని సమాసాన్ని నెత్తికెత్తుకోవడం నాకు బాధగా ఉంటుంది. నాచుకీ పాచి అంటాం కాబట్టి శాస్త్ర వ్యాసంలో అయోమయం రావచ్చు. అక్కడ బ్యాక్టీరియా పాచి అనండి, లేదా బయోఫిల్మ్ అనే ఉంచండి.

‘సంభాషణా వ్యవస్థ’ కూడా బరువే. బ్యాక్టీరియా కొన్ని రసాయనాలను బయటికి వదులుతాయి. గుంపు పెరిగేకొద్దీ అవి చిక్కబడతాయి, ఒక హద్దు దాటగానే అన్నీ కలిసి పాచి కట్టడంలాంటి పనికి దిగుతాయి. సభ నడవడానికి కావలసినంత మంది చేరి కోరం నిండినట్టే కనుక దీన్ని కోరం సెన్సింగ్ అన్నారు. ఈ కబురు అందితేనే ఊదారంగు తయారు చేసే ఒక బ్యాక్టీరియా మీద ప్రయోగశాలల్లో దీన్ని పరీక్షిస్తారు. లవంగ నూనెలాంటివి కొద్ది మోతాదులో వేస్తే అది బతికే ఉంటుంది, రంగు మాత్రం తగ్గుతుంది. అంటే చావలేదు, కబురు అందలేదు. ‘కబుర్లు తెగి పాచి కట్టదు’ అని రాస్తే ఎవరికైనా తెలుస్తుంది. అయితే ఇది ప్రయోగశాల మాట. కరపత్రం చదివి మందులు మానేయకండి.

ఇక నూనె. నువ్వుల నెయ్యి నూనె అయింది, తిలల నుంచి వచ్చింది తైలం. రెండూ నువ్వుల బిడ్డలే కనుక వ్యుత్పత్తి తీర్పు చెప్పదు. వాడుకలో మూకుడులో పోసేది నూనె, నీలగిరి తైలంలా చుక్కల్లో వాడేది, ఘాటుగా ఆవిరయ్యేది తైలం. ఆ లెక్కన తైలమే మేలు. పంటినొప్పికి లవంగ నూనె అనేవాళ్ళని మాత్రం నేను దిద్దను. ‘ఆవశ్యక నూనెలు’ అని రాసేవాళ్ళని దిద్దుతాను. ఎసెన్షియల్ ఆయిల్‌లోని మొదటి మాటకి అక్కడ అవసరం అని కాదు, సారం అని అర్థం. సుగంధ తైలాలు అంటే చాలు.