ట్రిపుల్ ఐటీకి తొమ్మిదో తరగతి మార్కులు చూస్తారా?

ప్రశ్న: మా అమ్మాయి నరసన్నపేట దగ్గర జడ్పీ హైస్కూల్లో చదివి పది పాసైంది. తొమ్మిదిలో జ్వరాలొచ్చి మార్కులు బాగా తగ్గాయి. ఎచ్చెర్ల ట్రిపుల్ ఐటీకి అవి అడ్డమా? మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే. ఒకటే టెన్షన్.
– ఓ తల్లి

జవాబు: తొమ్మిది గురించి బెంగ వదిలేయండమ్మా. అక్కడ సీటిచ్చేది పదో తరగతి మార్కుల మీదే. పైగా మీ పాప చదివింది హాస్టల్ లేని సర్కారు బడి కాబట్టి మొత్తం మార్కుల్లో 4 శాతం కలుపుతారు. 600కి 24 మార్కులు! ఎన్నో ఇళ్లలో ఈ సంగతే తెలియక దరఖాస్తు పెట్టడం మానేస్తున్నారు, నా బాధ అదే.

నేను హెడ్మాస్టరుగా ఉన్నప్పుడు ముందు తీసి చూసేది అడ్మిషన్ రిజిస్టరే. మీరూ బడికెళ్లి అందులో పేరు ఎలా రాసుందో చూడండి. మెమో దానితో కలిస్తే ఆధార్‌నే మార్పించండి. మెమోలోనే తప్పుంటే హెడ్మాస్టరు ద్వారా పరీక్షల బోర్డుకు అర్జీ పెట్టాలి. టీసీ, స్టడీ సర్టిఫికెట్లు కూడా అప్పుడే అడిగి తీసుకోండి. ఒరిజినల్స్ ఎవరికి ఇచ్చినా ముందు జిరాక్సులు తీయించి, రసీదు అడగండి.