నవల జోప్లిన్‌లో ఉంటే: ఒక యువ రచయితకు లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

నవల రాసుకుంటున్న నోట్స్ యాప్ జోప్లిన్ ఫోల్డర్ 4 జీబీ దాటిందనీ, పాత చిత్తుప్రతులు తీసేద్దామనుకుంటున్నావనీ రాశావు. ఆ పని మాత్రం చెయ్యకు. యూటీఎఫ్-8 అనే యూనికోడ్ పద్ధతిలో తెలుగు అక్షరానికి 3 బైట్లు, దాని గుణింతపు గుర్తుకు మరో 3. 'తెలుగు' అన్న మాటకు 18 అన్నమాట. ఈ లెక్కన 80 వేల మాటల నవల సుమారు 2 ఎంబీ. ఫోన్‌తో తీసిన ఒక్క ఫొటో చాలాసార్లు అంతకంటే పెద్దది.

'ఆప్షన్స్'లో 'జనరల్' తెరిస్తే నీ ఫోల్డర్ ఎక్కడుందో కనిపిస్తుంది. అందులో డేటాబేస్.ఎస్‌క్యూలైట్ అనే ఫైలు, రిసోర్సెస్ అనే ఫోల్డర్ ఉంటాయి. రాత మొదటిదాంట్లో, ఫొటోలూ పీడీఎఫ్‌లూ ఆడియోలూ రెండోదాంట్లో. రెండింటి సైజూ విడివిడిగా చూడు. రిసోర్సెసే పెద్దదైతే 'టూల్స్'లో 'నోట్ అటాచ్‌మెంట్స్' తెరిచి, సైజు వరసలో పెట్టు. స్కాన్ చేసిన పాత పత్రికలు, ఇంటర్వ్యూ రికార్డింగులు పైన తేలతాయి. వాటిని ముందు మామూలు ఫోల్డర్‌లోకి కాపీ చేసి, ఫైలు పేరు నోట్‌లో రాసుకుని, ఆ తర్వాతే ఇక్కడ తీసెయ్యి. ఇక్కడ తీసేసినా నోట్‌లో లింకు అలాగే ఉంటుంది, నొక్కితే ఏమీ తెరుచుకోదు. పేరు రాసుకోమన్నది అందుకే.

డేటాబేస్ ఫైలు కూడా నీ రాత కంటే బాగా పెద్దగానే ఉంటుంది. వెతుకులాట కోసం యాప్ అదే పాఠాన్ని మరో రూపంలో దాస్తుంది, పైగా నోట్ హిస్టరీ మామూలుగా 90 రోజుల మార్పులు ఉంచుతుంది. రచయితకు ఆ హిస్టరీ చాలా విలువైనది, తగ్గించకు. ఏం తీసేసినా డేటాబేస్ ఫైలు వెంటనే చిన్నదవదు. ఖాళీ అయిన చోటును ఎస్‌క్యూలైట్ (ఆ ఫైలును నడిపే డేటాబేస్ వ్యవస్థ) ఫైలులోనే ఉంచుకుని కొత్త రాతకు వాడుకుంటుంది. దాన్ని కుదించడానికి వ్యాక్యూమ్ ఆదేశం ఉందని ఎవరైనా చెబుతారు. నువ్వు చెయ్యవద్దు. ఆ ఆదేశంతో డేటాబేస్‌లోని వరసలకుండే లోపలి నంబర్లు మారే అవకాశం ఉంది, జోప్లిన్ వెతుకులాట సూచిక వాటి మీదే ఆధారపడుతుంది. కొన్ని ఎంబీల కోసం అంత ప్రమాదం అనవసరం.

సైజు గురించి ఇంతసేపు చెప్పింది బ్యాకప్ కోసమే. నోట్సన్నీ ఒకే ఫైలుగా బయటికి తీసే జెక్స్ ఎగుమతిలో అటాచ్‌మెంట్లన్నీ వస్తాయి. 4 జీబీ ఫైలు వారం వారం తియ్యడానికి ఎవరికైనా విసుగే, 200 ఎంబీ అయితే తీస్తావు.

ఫోన్‌లోనూ ల్యాప్‌టాప్‌లోనూ నోట్సు ఒకేలా ఉంచే సింక్‌ను బ్యాకప్ అనుకోకు. ఫోన్‌లో ఒక అధ్యాయం పొరపాటున చెరిగితే ఆ చెరుపు ల్యాప్‌టాప్‌కీ చేరుతుంది. యాప్ తెరిచి ఉండగా డేటాబేస్ ఫైలును కాపీ చేసినా నమ్మలేం, రాత మధ్యలో పట్టిన కాపీ పాడై ఉండొచ్చు. యాప్ పూర్తిగా మూసి, రిసోర్సెస్‌తో సహా మొత్తం ఫోల్డర్ కాపీ చెయ్యి. హిస్టరీ కూడా అందులో వస్తుంది.

వారానికోసారి 'ఫైల్', 'ఎక్స్‌పోర్ట్ ఆల్', 'జెక్స్'. ఫైలు పేరులో తేదీ పెట్టు, మొదట ఏడాది, తర్వాత నెల, రోజు వచ్చేలా. చివరి నాలుగు వారాలవి ఉంచితే చాలు. వాటి కాపీ ఒకటి ల్యాప్‌టాప్‌లో, ఒకటి పెన్‌డ్రైవ్‌లో, ఒకటి ఇంటి బయట. నెలకోసారి మార్క్‌డౌన్ అనే సాదా పాఠం రూపంలో కూడా ఎగుమతి చెయ్యి, అది జోప్లిన్ లేకపోయినా ఏ నోట్‌ప్యాడ్‌లోనైనా తెరుచుకుంటుంది. నవల ఒక చిత్తు పూర్తయిన రోజు తీసిన ఫైలును మాత్రం ఈ నాలుగింటి లెక్కలో కలపకు. దాన్ని ఎప్పటికీ ఉంచు.

తీసిన బ్యాకప్‌ను తెరిచి చూడటం అన్నిటికంటే ముఖ్యం. నీ నోట్సన్నీ ఉన్న ప్రొఫైల్‌లోకే దిగుమతి చేస్తే ప్రతి నోటూ రెండోసారి వచ్చిపడుతుంది. 'స్విచ్ ప్రొఫైల్'లో కొత్తది సృష్టించి, దానికి సింక్ పెట్టకుండా, అక్కడ దిగుమతి చెయ్యి. అన్నిటికంటే పొడుగు అధ్యాయం చివరిదాకా ఉందా, ఫొటోలు తెరుచుకుంటున్నాయా చూసి, ఆ ప్రొఫైల్ తీసెయ్యి.

ఇంకొకటి. సింక్‌కు ఎన్‌క్రిప్షన్ పెట్టుకున్నా జెక్స్ ఫైలుకు తాళం ఉండదు, ఎవరైనా చదవగలరు. డైరీ నోట్సు కూడా అందులోనే ఉన్నాయన్నావు కాబట్టి, ఇంటి బయట పెట్టే కాపీని పాస్‌వర్డ్ ఉన్న జిప్‌లో చుట్టి పెట్టు. ఆ పాస్‌వర్డ్‌ను జోప్లిన్‌లో రాసుకోవద్దు, కాగితం మీద రాసి ఇంట్లో దాచు.