చిప్ పెడితే పాపం పోతుందా?

ప్ర: ‘రివెంజ్ ఆఫ్ ది సిత్’ (2005) సినిమాలో ‘ఆర్డర్ 66’ అన్న ఒక్క ఆజ్ఞ వినగానే క్లోన్ సైనికులు (ఒకే మనిషి నకళ్లుగా తయారైనవాళ్లు) తమ జెడై సేనానులను, అంటే శాంతిని కాపాడాల్సిన యోధులను, కాల్చి చంపుతారు. ఆ తర్వాత వచ్చిన ‘స్టార్ వార్స్: ది క్లోన్ వార్స్’ యానిమేషన్ సిరీస్‌లో, ఆ ఆజ్ఞ పాటించేలా చేసే చిప్‌ను వాళ్ల మెదళ్లలో ముందే పెట్టారని తేల్చారు. ఇది ప్రేక్షకులను మోసం చేయడమేనని నేను, కాదని మా అన్నయ్య. మీరేమంటారు?

జ: మీ అన్నయ్య వైపే ఉన్నాను. కాకపోతే పూర్తిగా కాదు.

ఈ శీర్షిక రాయడానికి ముందు నేను పదకొండేళ్లు షూటింగుల్లో కంటిన్యుయిటీ రాసేవారి పని చేశాను. కథానాయకుడి గడియారం ఏ చేతికి ఉంది, గ్లాసులో నీళ్లు ఎంతవరకు ఉన్నాయి, తలలో పూలు కుడివైపా ఎడమవైపా... నా నోటుపుస్తకం నిండా ఇవే. గడియారం చెయ్యి మారితే ఎవరో ఒకరు కనిపెట్టి నవ్వుకుంటారు, ఇల్లు చేరేలోగా మరిచిపోతారు. నిన్నటిదాకా తమ్ముణ్ణి కంటికి రెప్పలా చూసుకున్నవాడు ఇవాళ ఏ కారణమూ లేకుండా మెడ పట్టి గెంటితే మాత్రం హాలంతా గొణుగుడే. చిప్ గొడవ ఈ రెండో రకానిది.

2002లో వచ్చిన ‘అటాక్ ఆఫ్ ది క్లోన్స్’లో కమీనో గ్రహవాసులు, ఏ ఆజ్ఞనైనా ప్రశ్నించకుండా పాటించేలా ఈ సైనికుల జన్యువులనే మార్చామని చెబుతారు. తెల్ల కవచాల వెనుక ముఖమే కనిపించని సైన్యానికి ఆ మాట చాలు. 2008లో మొదలైన సిరీస్ ఆ శిరస్త్రాణాలు తీయించింది. ఒక్కొక్కరికీ ఒక పేరు, ఒక తిక్క పెట్టింది. రెండో సీజనులో కట్ అనే క్లోన్ సైన్యం నుంచి పారిపోయి, భార్యాపిల్లలతో సేద్యం చేసుకుంటూ కనిపిస్తాడు. నాలుగో సీజనులో అంబారా గ్రహం మీద, జనరల్ క్రెల్ తమ సాటి సైనికులనే తమచేత చంపించాడని తెలిసినప్పుడు క్లోన్లు ఆ జెడై సేనాని మీద తిరగబడతారు. చివరకు అతణ్ణి కాల్చేది ఎవరు? నియమం అంటే ప్రాణమిచ్చే డాగ్మా! ఇవన్నీ చూపించాక, వీళ్లు ఆజ్ఞ వినగానే కళ్లు మూసుకుని పాటిస్తారంటే ఎవరు నమ్ముతారు? పాత్రలను అంత బాగా రాసినందుకు రచయితలు కట్టిన జరిమానా ఆ చిప్.

కట్టిన తీరు మాత్రం నాకు నచ్చింది. 2014లో వచ్చిన ఆరో సీజను మొదటి నాలుగు భాగాలు మళ్లీ చూడండి. యుద్ధం మధ్యలో టప్ అనే సైనికుడు ఉన్నట్టుండి టిప్లార్ అనే జెడైని కాల్చేస్తాడు. ఏమి జరిగిందో అతనికే అంతుపట్టదు. అతని మిత్రుడు ఫైవ్స్ కూపీ లాగి చిప్ సంగతి బయటపెడితే, మతి చలించిందని ముద్ర వేసి వేటాడతారు. అతను క్లోన్ కెప్టెన్ రెక్స్ కళ్ల ముందే చనిపోతాడు. ఇక 2020 నాటి ఆఖరి సీజనులో ఆజ్ఞ వచ్చిన క్షణం చూడండి. రెక్స్ రెండు చేతుల్లోనూ తుపాకులు వణుకుతుంటాయి. కళ్లలో నీళ్లు. ఫైవ్స్ సంగతి వెతకమని, ఒకప్పటి జెడై శిష్యురాలు అసోకాకు ఎలాగో ఒక మాట చెప్పి, అప్పుడు కాలుస్తాడు. ఆమె పాత దస్త్రాలు తెరిపిస్తే, చిప్ గురించి రెక్స్ ఎప్పుడో దాఖలు చేసిన నివేదిక దొరుకుతుంది. తనకే పూర్తిగా నమ్మకం లేకపోయినా, చనిపోయిన మిత్రుడి మీద గౌరవంతో చెప్పిపెట్టిన నాలుగు మాటలవి. అవే ఇప్పుడు అతని ప్రాణం నిలుపుతాయి.

మోసం చేసేవాళ్లు అతుకు దాచిపెడతారు. వీళ్లు ఆ అతుకునే కథ చేశారు.

మరి మీ అన్నయ్యకు సగం మార్కులు ఎందుకు కోశానంటే, కోడీ అనే క్లోన్ వల్ల. 2005 సినిమాలో, పారేసుకున్న లైట్‌సేబర్‌ను (వెలుగు కత్తిని) తన జెడై సేనాని ఒబీవాన్ చేతిలో పెట్టిన కోడీయే, కాసేపటికి అతని మీదికి ఫిరంగి పేల్పిస్తాడు. ఆ రోజు హాల్లో నాకు ఒళ్లు జలదరించింది. స్నేహమూ నిజమే, ఆజ్ఞా నిజమే, రెండోదే గెలిచింది! ఇప్పుడు అదే దృశ్యం చూస్తే కోడీ మీద జాలి కలుగుతోంది. జాలి మంచిదే, కానీ నా భయం నాకు తిరిగి ఎవరిస్తారు?

ప్ర: అదే 2005 సినిమాలో శత్రుసేనాని జనరల్ గ్రీవస్, జెడై వీరుడు అనకిన్‌ను చూసి ఇంకాస్త పెద్దవాడివి అనుకున్నానంటాడు. అంటే అదే తొలి పరిచయం. సిరీస్‌లో ఏడు సీజన్ల పాటు ఇద్దరూ ఒకే యుద్ధంలో ఉన్నారు. దొరికిపోయారా లేదా?

జ: లేదు. దొరకకూడదనే అంత జాగ్రత్తపడ్డారు. మొదటి సీజనులో ‘మాలెవొలెన్స్’ నౌక కథ గుర్తుందా? ఇద్దరూ ఒకే ఓడలో ఉంటారు. గ్రీవస్‌కు ఒబీవాన్ ఎదురవుతాడు, అనకిన్ వేరే దారిన వెళ్లిపోతాడు. సినిమాలోని ఒక్క వాక్యం కోసం ఇద్దరినీ అన్నేళ్లు ముఖాముఖి నిలబెట్టకుండా నడిపారు. నా పాత ఉద్యోగంలో అలాంటి బృందం దొరికి ఉంటే జుట్టు ఇంత తెల్లబడేది కాదు.

మీకు తప్పే కావాలంటే ఒకటి ఇస్తాను. 2003 నుంచి 2005 వరకు వచ్చిన పాత చేతిగీత సిరీస్‌లో మేస్ విండూ అనే జెడై గ్రీవస్ ఛాతీని నలిపేస్తాడు. సినిమాలో అతని దగ్గుకు అదే కారణమని అప్పట్లో అందరం సంబరపడ్డాం. 2008 సిరీస్‌లో చూస్తే ఆ దెబ్బ తగలక ముందే దగ్గుతుంటాడు! దీనితో వాదించుకోండి.

ప్ర: మొదటి సీజనులో చనిపోయిన హెవీ అనే క్లోన్, మూడో సీజనులో శిక్షణ పొందుతూ కనిపిస్తున్నాడేమిటి?

జ: మూడో సీజను మొదటి భాగం గతం. ప్రసారమైన వరుస వేరు, కథ వరుస వేరు. కథ ప్రకారం చూడాలనుకుంటే రెండో సీజను పదహారో భాగం, తర్వాత మొదటి సీజను పదహారో భాగం, ఆ తర్వాత 2008లో వచ్చిన ‘క్లోన్ వార్స్’ యానిమేషన్ సినిమా. అధికారిక జాబితా కూడా ఉంది. తొలిసారి చూసేవాళ్లు మాత్రం ప్రసారమైన వరుసలోనే చూడండి. హెవీ ఎలా పోయాడో తెలిసి చూస్తేనే అతని శిక్షణ రోజులు మనసుకు తగులుతాయి.

ప్ర: అయిదో సీజను చివర, అసోకా నేస్తం అయిన జెడై బారిస్ ఓఫీ జెడై మందిరంలో పేలుడు జరిపించి, నేరం అసోకా మీదకు నెడుతుంది. ఆమె మారిన తీరు సహజమేనని నా స్నేహితురాలు, కానే కాదని నేను. పందెం కూడా కాశాం.

జ: బారిస్ విచారణలో చెప్పిన మాటల్లో తప్పు పట్టడానికి ఏమీ లేదు. శాంతిని కాపాడాల్సిన జెడైలు సేనానులయ్యారు, దారి తప్పారు. సిరీస్ మొదటి నుంచీ చూపిస్తున్నది ఇదే. ఆ కోపం పేలుడు దాకా వెళ్లిందన్నా ఒప్పుకుంటాను. నేస్తాన్ని ఇరికించడం మాత్రం ఆ కోపంలోంచి పుట్టదు. రెండో సీజనులో, జియోనోసిస్ మీద ఇద్దరూ శిథిలాల కింద కలిసి చావుకు సిద్ధపడ్డారు. తర్వాత మెదడులో పురుగు దూరినప్పుడు, నన్ను చంపెయ్యమని బారిస్ బతిమాలితే అసోకా చంపకుండా కాపాడింది. ఆ భాగం 2009లో వచ్చింది. ఈ ద్రోహం 2013లో. మధ్యలో బారిస్ మనసు లోపల ఏమి జరిగిందో చూపించే భాగం ఒక్కటీ లేదు. 2024లో ‘టేల్స్ ఆఫ్ ది ఎంపైర్’లో ఆమెకు మూడు చిన్న భాగాలు ఇచ్చారు, చాలా బాగున్నాయి. అయితే అవన్నీ చెరసాల తర్వాతి సంగతులు. మనకు కావాల్సింది ముందు సంగతి. ఏదో ఒక యుద్ధభూమిలో గాయపడినవాళ్లకు వైద్యం చేస్తూ, ఎవరినో కాపాడలేక, అసోకాకు కబురు చేసి జవాబు రాని ఒక రాత్రి. అది ఉండి ఉంటే నేను మీ స్నేహితురాలి పక్షమే.

పందెం మీదే. ఒక్క భాగం తేడాతో.