పసుపు రంగు చూసి సంబరపడొద్దు

చిరంజీవి లావణ్యకు,

రోగాలతో పోరాడే తెల్ల రక్తకణాలైన టీ కణాల్లో వాస్ప్ ప్రోటీన్‌కూ, కణం లోపల పోగులల్లే ఆక్టిన్ ప్రోటీన్‌కూ ఉన్న సంబంధం చూపించాలంటున్నావు. చేయదగిన పనేనమ్మా. వాస్ప్ జన్యువు చెడితే విస్కాట్-ఆల్డ్రిచ్ జబ్బు వస్తుంది. ప్లేట్‌లెట్లు తగ్గి రక్తం కారుతుంది, ఎగ్జిమా, వదలని ఇన్ఫెక్షన్లు. పసిబిడ్డల ప్రాణాలతో ముడిపడిన సంగతి, తొందరపడి తేల్చేయకూడదు.

వాస్ప్ పని చేసేది కణపొర దగ్గర. సీడీసీ42 అనే సంకేత ప్రోటీన్ తగిలాక తెరుచుకుని, కొత్త పోగులు మొలిపించే ఆర్ప్2/3 ప్రోటీన్ల గుంపునూ, విడి ఆక్టిన్ అణువునూ పట్టుకుంటుంది. అప్పుడు పాత పోగు పక్కనుంచి సుమారు 70 డిగ్రీల కోణంలో కొత్త పోగు మొలుస్తుంది. ఆక్టిన్ కనబడటానికి నువ్వు వాడే వెలిగే రంగు ఫాలాయిడిన్ పోగులనే అంటుకుంటుంది, విడి అణువును కాదు. పైగా మామూలు కాన్‌ఫోకల్ మైక్రోస్కోప్‌కు సుమారు 200 నానోమీటర్ల లోపు దూరాలు విడిగా తెలియవు. ఒక ప్రోటీన్ ఎరుపు, ఇంకోదాని ఆకుపచ్చ కలిసి పసుపు కనబడితే రెండూ దగ్గర్లో ఉన్నాయని అర్థం, అంతే.

కవర్‌స్లిప్‌లకు (పల్చని గాజు పలకలకు) ముందు కణాలు అతుక్కునేందుకు పాలీలైసిన్, తర్వాత టీ కణాలను ఉత్తేజపరిచే ఓకేటీ3 యాంటీబాడీ మిల్లీలీటరుకు 10 మైక్రోగ్రాముల చొప్పున పూయి. జుర్కాట్ కణాలను (ల్యాబ్‌లో పెంచే టీ కణాలు) 37 డిగ్రీల్లో 5 నిమిషాలు పరుచుకోనిచ్చి, అంతే వెచ్చగా ఉన్న 4 శాతం పారాఫార్మాల్డిహైడ్‌తో 15 నిమిషాలు స్థిరపరచు. మామూలు ఫార్మాలిన్ సీసా ముట్టుకోవద్దు, అందులో మిథనాల్ కలిపి ఉంటుంది, అది ఫాలాయిడిన్ పట్టును చెడగొడుతుంది. మిథనాల్‌తో స్థిరపరిస్తేనే పనిచేసే, వాస్ప్‌ను పట్టి చూపే యాంటీబాడీ కూడా ఇక్కడ పనికిరాదు. తర్వాత యాంటీబాడీ లోపలికి వెళ్లేలా కణపొరకు రంధ్రాలు చేసే 0.1 శాతం ట్రైటాన్ 5 నిమిషాలు, అది ఊరికే అంటుకోకుండా 1 శాతం బీఎస్ఏ ప్రోటీన్ అరగంట.

పద్ధతిలో గది ఉష్ణోగ్రత అని రాస్తే 20 నుంచి 25 డిగ్రీలని. మే నెలలో అనంతపురంలో ఏసీ లేని గది అలా ఉండదు. గాలి కూడా పొడి, యాంటీబాడీ చుక్క అంచుల్లో ఎండిపోయి అక్కడ ఉత్తుత్తి వెలుగు వస్తుంది. మూత ఉన్న డబ్బాలో తడి ఫిల్టర్ కాగితం పరిచి అందులోనే పెట్టు.

అసలు పరీక్ష చెడగొట్టి చూడటమే. కణాలు అతుక్కున్నాక ఆక్టిన్ పోగులను కరిగించే లాట్రున్‌కులిన్ 1 మైక్రోమోలార్ కొద్ది నిమిషాలు ఇవ్వు, ముందే ఇస్తే అవి పరుచుకోనే పరుచుకోవు. పోగులు పోయినా వాస్ప్ పొర దగ్గరే నిలిస్తే, అక్కడ నిలవడానికి దానికి పోగులు అక్కర్లేదన్నమాట. ఇంకో పాత్రలో ఆర్ప్2/3ని ఆపే సీకే-666 మందు 100 మైక్రోమోలార్, దాని పక్కన పోల్చడానికి పనిచేయని జోడు సీకే-689, మందులను కరిగించే ఉత్త డీఎంఎస్‌ఓ. మొదటి యాంటీబాడీని పట్టి వెలిగే సెకండరీ యాంటీబాడీ ఒక్కటే వేసిన స్లైడు, వాస్ప్ తగ్గించిన కణాల స్లైడు లేకుండా ఏ బొమ్మా నమ్మకు.

యాంటీబాడీ పూసలతో కణ ద్రావణంలోంచి వాస్ప్‌ను లాగి, దానితో ఏమొచ్చిందో చూసే పుల్‌డౌన్‌లో ఆక్టిన్ గీత వచ్చిందని ఎవరైనా చూపిస్తే, అదే జంతు జాతి ఉత్త ఐజీజీతో (వాస్ప్‌ను పట్టని యాంటీబాడీతో) చేసినది అడుగు. కణంలో ఆక్టిన్ అంత ఎక్కువ, పూసలకు ఊరికే అంటుకుంటుంది. ట్రైటాన్‌కు కరగని పోగులు సెంట్రిఫ్యూజ్‌లో అడుగుకు చేరతాయి, వాటితో వాస్ప్ కూడా పోవచ్చు. అందుకే అడుగున చేరిన పెల్లెట్‌ను పారేయకుండా, ప్రోటీన్లను గీతలుగా విడదీసే జెల్ మీద పక్క వరుసలో నడుపు.